ముగ్గు పోసిన ఇల్లు

ముగ్గు చెరక్కుండా చూసుకోమని, అయ్యగారిని బండెక్కించుకుని గంటలో వచ్చేస్తానని చెప్పి గిరిబాబు మేస్త్రి మోటారుసైకిలు మీద రామతీర్థం వైపు పోయాడు. తొమ్మిదీ నలభైకి శంకుస్థాపన ముహూర్తం. అప్పటిదాకా అప్పలసూరికి ఒకటే పని, కాపలా. జీడితోటకి కాపలా కాశాడు, పెసరచేనికి కాశాడు, కళ్ళంలో కుప్పకి కాశాడు. లేని గోడలకి కాపలా కాయడం అరవై రెండేళ్ళలో ఇదే మొదలు. చదును చేసిన ఎర్రమట్టి మీద తెల్లటి గీతలు, అంతే ఇల్లు. మేక తొక్కితే గోడ పోతుంది. కోడి కెలికితే గది పోతుంది. కొండ మీంచి గాలి కాస్త గట్టిగా దిగిందంటే ఇంటికిల్లే లేచి నెల్లిమర్ల పోతుంది. ఇలాంటిదానికి కాపలా ఉన్నందుకు ఎవరైనా చూస్తే నవ్వుతారేమోనని అతను నాలుగు వైపులా చూశాడు. ఎవరూ లేరు. తుండుగుడ్డ తలకి చుట్టుకుని, ముగ్గుపిండి డబ్బా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఇల్లు అతను చెప్పినట్టే వచ్చింది. రెండు గదులు, రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. గుమ్మం పడమటి సందులోకి. వసారా లేదు, కూర్చునేవాళ్ళు లేనప్పుడు వసారా దేనికి. తూర్పున కిటికీ కూడా లేని నిండు గోడ. తూర్పున ఇరవై అడుగుల అవతల అన్న త్రినాథ్ ఇల్లుంది కాబట్టి అటు గోడ. గిరిబాబు నిన్న పురికొస పట్టుకుని తల గోక్కున్నాడు. అందరూ తూర్పు దొరక్క ఏడుస్తుంటే నీకు దొరికిన తూర్పుని గోడకేసి కొడతావేటి మావా అన్నాడు. నా ఇల్లు అన్నాడు అప్పలసూరి. గిరిబాబు గుమ్మం చోట ముగ్గు ఆపి అటొకటి ఇటొకటి అడ్డగీతలు పెట్టి, ఇంకో మాట చెప్పి పోయాడు. మార్చాలనుంటే ముహూర్తంలోపే మార్చుకోవాలి, గునపం పడ్డాక గీత జరపకూడదు. ఇది ఈ ఊరి పట్టింపు. ఎవరి తాత పెట్టాడో తెలియదు కానీ, జరిపినవాళ్ళు ఇంతవరకూ లేరు. మార్చేదేమీ లేదని అప్పలసూరి అప్పుడే చెప్పేశాడు.

రెండేళ్ళ రెండు నెలలైంది. భార్య చిన్నతల్లి పెద్దకార్యం నాడు విస్తళ్ళ ముందు బంధువులంతా కూర్చున్నాక, పప్పు వడ్డిస్తున్న త్రినాథ్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయి, ఇల్లు ఇల్లంటానే పోయినాదిరా, నాలుగు గోడలు లేపలేకపోయావు అన్నాడు. కళ్ళలో నీళ్ళతోనే అన్నాడు. అయితే ఏమిటి. అబద్ధమైతే అప్పలసూరి ఆ సాయంత్రానికి మర్చిపోయేవాడే. నిజం కాబట్టి ఆ మాట కడుపులో అలాగే ఉండిపోయింది. ఆ రోజు నుంచి అన్నతో మాట లేదు. ఎదురైతే తల తిప్పుకోవడం, పెళ్ళికి పిలిస్తే పోకపోవడం, ఆ ఇంటి పనస పండు వాసన ఇటు వస్తే తలుపు వేసుకోవడం. ముప్పైరెండేళ్ళు చిన్నతల్లితో కాపురం చేసిన పాక తలుపు అది. పాక ఇంకా అక్కడే దక్షిణం మూల ఒరిగి ఉంది. లేపలేకపోయావన్నావు కదా, లేపుతాను చూడు, నీకు వీపు పెట్టి లేపుతాను. ఇల్లు కట్టడానికి మనుషులకి ఎన్నో కారణాలుంటాయి. అతనికి ఉన్నది ఇదొక్కటే, గట్టి కారణం, పునాదికి రాళ్ళు కూడా అక్కర్లేనంత గట్టిది.

మేక వచ్చింది. ఎవరిదో నల్ల మేక, చెవి చివర తెలుపు. వచ్చి తిన్నగా వంటగదిలో నిలబడి, మట్టి వాసన చూసి, తోక ఊపింది. అప్పలసూరి లేచి హెయ్ అని పరుగెత్తాడు. ఉత్తరం గోడ వెంట పరుగెత్తి, మూల తిరిగి, పడమర వైపు వచ్చి, గుమ్మంలోంచి లోపలికి దూరి, ముందు గది దాటి, వంటగదిలోకి వెళ్ళేసరికి మేక తూర్పు గోడ దాటి తాపీగా పోతోంది. అతను వంటగది మధ్యలో నిలబడి ఆయాసపడ్డాడు. ఆయాసం తగ్గాక కానీ తెలియలేదు తను ఏం చేశాడో. పిండిగీత. బెత్తెడు వెడల్పు. ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. వేయలేదు. ఇల్లంతా చుట్టి గుమ్మంలోంచి వచ్చాడు. తొక్కితే చెరుగుతుందని కాదు, ఆ సంగతి ఆ క్షణాన గుర్తే లేదు. అక్కడ గోడ ఉంది కాబట్టి. మేకకి లేదు, అతనికి ఉంది. అప్పలసూరి కింద గీత వంక చూశాడు, పోతున్న మేక వంక చూశాడు, ఎందుకో సిగ్గేసింది, సిగ్గు వెనకే ఇంకేదో, పొట్ట దగ్గర చక్కిలిగింతలా, చాలా కాలం నుంచి రానిది ఒకటి కదిలింది.

ఇది చూస్తే చిన్నతల్లి వదిలేదా. బావా, పెద్ద మనిషివి, గాలికి గుద్దుకుంటావని భయపడ్డావా అనేది. ఆవిడకి ఎప్పుడూ గోడలుండేవి. నారు పీకుతూ నడుం ఎత్తి కొండ వైపు చూసిందంటే ఇంటిని చూస్తోందని అర్థం. ఈ ఏడు వంటగది పెద్దది చేశాను బావా అనేది. పోయినేడు పెట్టిన మెట్లు తీసేశాను, మోకాళ్ళకి పడవు. డబ్బు లేదే అంటే, డబ్బుతో కట్టే ఇల్లు కాదు కదా ఇప్పుడు నాను కడుతున్నది అనేది. అప్పలసూరికి ఒళ్ళు మండేది. ఉన్నది ఉన్నట్టు చూసే మనిషి అతను. వడ్లు చూసి ఎన్ని బస్తాలో చెప్తాడు, మబ్బు చూసి గంట చెప్తాడు, లేనిదాని గురించి మాట్లాడేవాడు దొంగైనా అయ్యుండాలి, పిచ్చివాడైనా అయ్యుండాలి. అంతలా అన్నవాడే గేదె గొడవలో ఎలా ఇరుక్కున్నాడో. గోగుచేలో కలుపు తీస్తూ ఆవిడ వసారా గురించి చెప్తోంది, నున్నటి గచ్చు, అంచుకి ఎర్రరంగు. వానాకాలం గేదెని వసారాలో కట్టేసుకోవచ్చులే అన్నాడు అతను, ఏదో ఒకటి అనాలని. చిన్నతల్లి కలుపు తీయడం ఆపేసింది. నా గచ్చు మీద పేడ వేయిస్తావా అంది. ఆ రోజు నుంచి మూడు రోజులు మాట లేదు. అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మొహం చూసేది కాదు. నాలుగో రోజు పొలం గట్టున ఆవిడ ముందు నిలబడి, గేదెకి వేరే పాక వేస్తాను, సరేనా అన్నాడు. ముందే సెప్పొచ్చు కదా అని ఆవిడ నవ్వింది. వసారా లేదు, ఇల్లు లేదు, అది అలా ఉంచితే అప్పటికి వాళ్ళకి గేదె కూడా లేదు.

అప్పలసూరి నోరు నొక్కుకున్నాడు. ఒంటరిగా కూర్చుని నవ్వితే ఊళ్ళో ఏదో ఒకటి పుట్టిస్తారు. అయినా ఇప్పుడు బయట ఎక్కడున్నాడు, వంటగదిలో ఉన్నాడు, నాలుగు గోడల మధ్య. తన ఇంట్లో తను నవ్వుకుంటే ఎవడికి కనపడుతుంది. ఈ ఆలోచన రాగానే నవ్వు మరీ ఎక్కువైంది. తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకుని మట్టి మీద కూలబడ్డాడు. ఎండ తూర్పునుంచి నేరుగా మొహం మీద పడుతోంది. మాఘమాసపు ఎండ, కాలదు, నిమురుతుంది. చిన్నప్పుడు బడి కిటికీలోంచి కూడా ఇలాగే పడేది. ఒకే గది, ఐదు తరగతులు, ఒక్కరే మాస్టారు. ఆయన ఒక రోజు పలకల మీద సముద్రం గురించి రాయమన్నారు. సముద్రం ముప్పై కిలోమీటర్లు. ఎవరూ చూడలేదు. అయిదో తరగతి అప్పలసూరి, నేను సముద్రం చూడలేదు అని ఒక్క వాక్యం రాసి పలక తిప్పి పెట్టాడు. సున్నా పడింది. నిజం రాసినందుకు సున్నా ఏమిటని ఎదురు తిరిగితే, చూడలేదని కాదురా, చూడబోలేదని సున్నా అన్నారు మాస్టారు. ఆ సున్నాని అతను ఇప్పటికీ క్షమించలేదు. మూడో తరగతి బెంచీలోంచి మేనమామ కూతురు చిన్నతల్లి లేచి, గట్లు లేని పొలం మాస్టారూ, ఎప్పుడూ గాలి కొడతానే ఉంటాది అంది. ఆయన దానికి పదికి పది వేశారు. గట్లు లేకపోతే ఎవరి చేను ఎవరిదో ఎలా తెలుస్తుంది అని అప్పలసూరి ఆ రోజంతా లోపల లోపల వాదించాడు.

యాభై ఏళ్ళకి ఆవిడ బూడిద కుండ ఒడిలో పెట్టుకుని కళింగపట్నం వెళ్ళాడు. వంశధార కలిసే చోట కలిపేసి తల ఎత్తితే ఎదురుగా అది. ఎవరి చేను ఎవరిదో తెలియని అంత పొలం, నాట్లు వేసి నెల దాటిన చేనులా ఒక వైపునుంచి ఇంకో వైపుకి వంగుతూ. అప్పుడు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు. ఆవిడ మాటలో ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని గంటసేపు ఒడ్డున నిలబడి వెతికాడు. ఎండబెట్టిన చేపల వాసన వచ్చింది. అదిగో, ఇది చెప్పలేదు చిన్నతల్లీ, వాసన సంగతి చెప్పలేదు, ఒక మార్కు తగ్గించాలి అనుకున్నాడు. ఇంటికి పోయి చెప్పాలి అనుకున్నాడు. బస్సెక్కి కూర్చునేదాకా అలాగే అనుకున్నాడు. అది తలుచుకున్నప్పుడల్లా రెండేళ్ళుగా లేచి ఏదో ఒక పని వెతుక్కునేవాడు. ఈ వేళ లేవలేదు. ఈ వేళ, ఎండలో, పిండిగోడల మధ్య, ఆ మార్కు సంగతి ఆవిడకి చెప్పేసినట్టే ఉంది. ఆవిడ మూతి తిప్పుకున్నట్టే ఉంది. ఎవరైనా వాసన పలక మీద రాస్తారా బావా.

ఎండ. అప్పలసూరి కళ్ళు చికిలించాడు. ఈ ఎండ ఎలా వస్తోంది లోపలికి. తూర్పున నిండు గోడ కదా. గోడ అంటే గోడే, మేకతో పరుగు పెట్టినప్పుడు ఉన్న గోడ ఇప్పుడు లేకుండా ఎలా పోతుంది. కళ్ళు మూసుకుని గోడని లేపాడు. అడుగు, రెండడుగులు, భుజం ఎత్తు, తల ఎత్తు, కప్పు. చీకటి. సిమెంటు వాసన, మూలన చెంబు, గోడకి వీపు ఆనించుకున్న ఒక ముసలివాడు. పొద్దు ఎక్కిందో లేదో తెలియదు వాడికి. పక్కింట్లో ఏం వండుతున్నారో తెలియదు. ఎవరైనా వస్తే సందు చుట్టి రావాలి, ఎవరూ చుట్టి రారు. వాణ్ణి అప్పలసూరి కాసేపు చూశాడు. తిడదామనుకున్నాడు, తిట్టబుద్ధి కాలేదు. తన జీవితంలో మొట్టమొదటిసారి లేనిదాన్ని ఒకదాన్ని ఇంత స్పష్టంగా చూశాడు, చూసింది ఇదా. హుదూద్ గాలివానకి పాక కప్పు ఎగిరిపోయి తాటాకు ముక్క కూడా మిగలని పొద్దున, తడిసి ముద్దయిన చిన్నతల్లి పైకి చూసి, ఇప్పుడు బాగా కనపడతన్నాది బావా, శ్లాబు ఎక్కడిదాకా వస్తాదో అంది. ఒకే రకం పనిముట్టు, ఆవిడ చేతిలో ఉంటే అలా కట్టింది, అతని చేతిలో పడితే ఇలా కట్టాడు.

కళ్ళు తెరిచేసరికి తూర్పు గోడ అవతల వదిన తాతమ్మ నిలబడి ఉంది, స్టీలు గ్లాసులో టీ పట్టుకుని. త్రినాథ్ భార్య. ఈ రెండేళ్ళలో ఆవిడతో అవునూ కాదూ తప్ప మాట లేదు. చిన్నతల్లి ఉండగా తోడికోడళ్ళిద్దరూ రోజుకి ఇరవైసార్లు ఈ ఇరవై అడుగులూ దాటేవాళ్ళు, చింతపండుకి, అగ్గిపెట్టెకి, ఏమీ లేకపోతే ఊరికే.

"గుమ్మం ఎటు మరిదీ?"

అతను పడమర చూపించాడు. ఆవిడ తల ఊపి, గ్లాసుకి కొంగు అడ్డం పెట్టుకుని నడవడం మొదలుపెట్టింది. మోకాళ్ళ నొప్పి మనిషి, ఒక్కో అడుగూ లెక్క వేసుకుని వేస్తుంది. ఉత్తరం గోడ వెంట వెళ్ళింది, మూల దగ్గర ఆగి నడుం పట్టుకుంది, తిరిగింది, సందు వైపు వచ్చింది. గీత మీంచి దాటి రమ్మని అందామనుకుని మానేశాడు. దాటమంటే గోడ లేదని ఒప్పుకున్నట్టు. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, పక్కపక్కన సర్ది, కుడికాలు ముందు పెట్టి లోపలికి వచ్చింది.

"సల్లారిపోనాది. తప్పు నాది కాదు. నువ్వు కట్టింది పెద్ద బంగళా, సుట్టి వచ్చేసరికి తెల్లారిపోనాది."

అప్పలసూరి నవ్వాడు. పైకే నవ్వాడు, తుండుగుడ్డ అడ్డం పెట్టుకోకుండా. రెండేళ్ళు వాడని గొంతు, కప్పీ మీద తాడు కీచుమన్నట్టు వచ్చింది. తాతమ్మ తిరిగి నవ్వలేదు, పని మీద వచ్చిన మేస్త్రిలా ఇల్లంతా చూసింది. ఇది వంటగదా, పొయ్యి ఎక్కడ, పొగ ఎటు పోతుంది అని అడిగింది. అతను చెప్పాడు. ఆవిడ తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి, గాలిలో చెయ్యి పెట్టి, అరచేత్తో తట్టి చూసింది.

"ఇటు కిటికీ లేదు మరి. నాను పిలిస్తే సిన్నతల్లికి ఎలా ఇనపడతాది?"

అన్నాక ఆవిడే ఆగిపోయింది. సర్దుకోలేదు, నాలుక కరుచుకోలేదు. అన్నది అన్నదే. అప్పలసూరి చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగాడు. ఇంకెవరైనా అంటే మనిషి పోయి రెండేళ్ళయింది, మతి ఉందా అనేవాడు. కానీ ప్రశ్న సరైనది. ఈ గోడ ఉంటే వినపడదు. మూడు పూటలా తాతమ్మ అటునుంచి పిలుస్తుంటే ఇటు ఎవరికీ వినపడదు. గ్లాసు తిరిగి ఇచ్చాడు. ఆవిడ తీసుకుని, వచ్చిన దారినే మళ్ళీ పడమటి గుమ్మం వైపు తిరిగింది, మళ్ళీ అంత చుట్టూ తిరిగి పోవడానికి.

"ఆగు వదినా."

లేచాడు. తూర్పు గోడ దగ్గరికి వెళ్ళి, ఎడమకాలి మడమతో గీతని రుద్దడం మొదలుపెట్టాడు. ఒక జానెడు చెరిగింది. ఇంకో జానెడు. మనిషి పట్టేంత చెరిగాక పక్కకి జరిగి, దారి ఇచ్చాడు. తాతమ్మ పడమర వెళ్ళి చెప్పులు చేత్తో తెచ్చుకుని, కొత్త గుమ్మంలోంచి బయటికి దిగి, అవతల తొడుక్కుని, ఇరవై అడుగులూ దాటి ఇంట్లోకి పోయింది.

ఇక అతన్ని ఆపేవాళ్ళు లేరు. పిండి డబ్బా ఎత్తుకున్నాడు. పడమటి గుమ్మాన్ని పూడ్చేశాడు. తూర్పు గుమ్మం ముందు నాలుగు అంగలు కొలిచి వసారా పోశాడు. ఆగాడు, చాలదు, అయిదు అంగలు. వంటగదిని ఆగ్నేయానికి తెచ్చాడు. ఎక్కడా ఆలోచించనక్కర్లేకపోయింది. ముప్పైరెండేళ్ళు వినలేదనుకున్న ఇల్లు, విననని తిట్టిన ఇల్లు, మూల మూలా అతనికి కంఠతా వచ్చు. కిటికీకి గీత ఎలా పోయాలో తెలియక గోడ మీద ఒక పిడికెడు పిండి కుప్ప పోశాడు, ఇక్కణ్ణుంచి చూస్తే వదిన పొయ్యి కనపడాలి, చారు మరిగిందో లేదో ఇక్కణ్ణుంచే చెప్పాలి. గీతలు వంకర పోయాయి. చేతులు, మీసం, తలగుడ్డ అంతా తెల్లబడింది. చెమట పట్టింది. మెట్లు వద్దు, ఆవిడే తీసేసింది. అలమర దేవుడి గదిలో కాదు, ముందు గదిలో, అది ఏ ఏడాది మార్చావు, అవును, పెద్ద పుష్కరాల ఏడాది. చెప్పు, ఇంకా చెప్పు, ఈ రోజు ఎంత చెప్పినా వింటాను, పిండి ఇంకా సగం డబ్బా ఉంది.

మోటారుసైకిలు ఆగింది. వెనక సీటు దిగిన పురోహితుడు వేంకటాచలం గారు పంచె సర్దుకుంటుండగా, గిరిబాబు హెల్మెట్టు తీయకుండానే అలా నిలబడిపోయాడు. ఎవుడు సెరిపేడు మావా అన్నాడు. సెరపలేదు, మార్సేను అన్నాడు అప్పలసూరి. నీ గీతల మీద కడితే పాము ఇల్లనుకుని కాపురానికొస్తాది అంటూ గిరిబాబు పురికొస తీసి వంకరలు సరిచేయడానికి వంగాడు, కానీ మొహంలో కోపం లేదు. తూర్పు ద్వారం, బాగుంది అన్నారు వేంకటాచలం గారు. వాచీ చూసి, ఈశాన్యం మూల పసుపు నీళ్ళు చల్లి, తొలి గునపం ఇంటికి పెద్దవాడు వేయాలి, ఎవరు పెద్ద అని అడిగారు.

అందరికీ తెలుసు ఎవరు పెద్దో. ఇరవై అడుగుల అవతల త్రినాథ్ తన అరుగు మీద నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో, చేతులు వెనక్కి పెట్టుకుని, ఎటో చూస్తున్నట్టు ఇటే చూస్తూ. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పిలవని ముహూర్తానికి ఇస్త్రీ చొక్కా. అప్పలసూరి గునపం చేతిలోకి తీసుకున్నాడు. ఆ మాట అన్నాడు కదా అని రెండేళ్ళ అలవాటు లోపల గొణిగింది. అన్నాడు. నిజమే అన్నాడు. అదిగో గీతలు, అదిగో గోడలు, లేపుతున్నాను, చూసుకోవడానికి నువ్వు కాక ఎవరున్నారు నాకు.

"అన్నా, గుమ్మం ఇటే. రా."

త్రినాథ్ అరుగు దిగాడు. తొందరపడలేదు. ఆరడుగుల పైన రెండంగుళాల మనిషి, పెళ్ళిళ్ళలో పందిరి గుంజలు పాతడానికి నిచ్చెన అక్కర్లేని మనిషి. చుట్టూ ఖాళీ నేల, ఎటునుంచైనా రావచ్చు. నేరుగా వసారా గీత దగ్గరికి వచ్చి చెప్పులు విడిచాడు. వసారా దాటాడు. గుమ్మం ముందు ఆగి, తల వంచి, భుజాలు ముడుచుకుని, జాగ్రత్తగా లోపలికి వచ్చి, మళ్ళీ తల ఎత్తాడు.

ద్వారబంధం ఇంకో జానెడు ఎత్తు పెట్టమని గిరిబాబుకి చెప్పాలి అనుకుంటూ అప్పలసూరి గునపం అందించాడు.